పదిహేను రూపాయల బాకీ

ఆఫీసులో సీట్లు మార్చారు. పాత డెస్కు సొరుగు ఖాళీ చేస్తుంటే అడుగున, ఎండిపోయిన పెన్నుల మధ్య, ఒక సీడీ దొరికింది. దాని మీద స్కెచ్‌పెన్నుతో నా చేతిరాతే... 'అనంతపురం - జూన్ 2009'.

సీడీ దొరికింది సరే, దాన్ని చూసేదెలా? బంజారాహిల్స్‌లో అడుగుకో కాఫీ షాపు ఉంది కానీ సీడీ పెట్టుకునే కంప్యూటర్ ఎక్కడుంది? అడగ్గా అడగ్గా కృష్ణానగర్‌లో ఒక ఫోటో స్టూడియో దొరికింది. సినిమా అవకాశాల కోసం వచ్చే కుర్రాళ్ళకు ఆల్బమ్‌లు తీసిపెట్టే స్టూడియో అది. యజమాని పాత కంప్యూటర్‌ని పారేయకుండా ఉంచుకున్నాడు.

ఒక్కో ఫోటో తెరుచుకుంటోంది. దుమ్ము, జనం, పూలదండలు, చెట్ల కింద కూర్చున్న ముసలివాళ్ళు. ముప్ఫయ్యో ఫోటో దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఆరేడేళ్ళ పిల్లాడు. వాడి నడుముకి తగ్గట్టు చేయించిన చెక్క కుర్చీ. మెడ ఓ పక్కకి వాలిపోయి ఉంది. నోరారా నవ్వుతున్నాడు. వెనక దువ్వెన పట్టుకుని వాళ్ళమ్మ.

ఆ తల్లి నాతో అన్న మాట గుర్తొచ్చింది. "ఒక కాపీ పంపు పాపా. వీని ఫోటో మా ఇంట్లో ఒగటీ లేదు."

"తప్పకుండా పంపిస్తానమ్మా" అన్నాను.

పంపలేదు.

"ప్రింటు తీయమంటారా మేడమ్? పదిహేను రూపాయలే" అన్నాడు స్టూడియో యజమాని. పదిహేను రూపాయల పనిని పదహారేళ్ళకు పైగా వాయిదా వేశానన్న మాట!

ఆ రాత్రే అనంతపురం బస్సెక్కాను.

ఆ జూన్ నెల

అప్పటికి జర్నలిజం డిప్లొమా చేతికొచ్చి నిండా ఏడాది కాలేదు. 2009 జూన్ 19న అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ కన్నుమూశారు. వార్త రాయడానికి సీనియర్లు వెళ్ళారు. జనం గురించి నాలుగు ముక్కలు రాసుకురమ్మని వాళ్ళ వెంట నన్నూ పంపారు.

జనాన్ని చూసి బిత్తరపోయాను. ఆయన మంత్రి కాదు, సినిమా నటుడు కాదు, స్వామీజీ కాదు. స్పెయిన్ దేశస్థుడు. అయినా పల్లెలకు పల్లెలు కదిలి వచ్చాయి. మా తాత పోయినప్పుడు మా వీధిలో వాళ్ళు ఎలా ఏడ్చారో అలాగే ఏడుస్తున్నారు.

ఆయన కథ కొందరికి తెలిసే ఉంటుంది. 1920లో బార్సిలోనాలో పుట్టారు. 1952లో జెస్యూట్ సన్యాసిగా ముంబయి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో పేద రైతుల చేత బావులు తవ్వించారు. నీళ్ళొస్తే పంట పండుతుంది. పంట పండితే అప్పు తీరుతుంది. అప్పు తీరితే రైతు ఎవరి ముందూ చేతులు కట్టుకోడు. ఇది గిట్టని వాళ్ళుంటారు కదా! 1968లో దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది. ఆయన కోసం వేలమంది రైతులు ఆందోళనకు దిగారు. ఇందిరాగాంధీ చొరవతో మళ్ళీ ఈ దేశంలో అడుగుపెట్టారు. మహారాష్ట్రలో కాదు. 1969లో... మన అనంతపురంలో.

దేశంలోకెల్లా వర్షం తక్కువ పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ వేరుశనగకు కావలసినప్పుడు రాదు, వద్దన్నప్పుడు వస్తుంది. అలాంటి చోట రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మొదలైంది. ఊళ్ళలో ఎవరూ ఆ పేరు పూర్తిగా పలకరు. ఆర్డీటీ అంటారు. ఫెర్రర్ 1970లో సన్యాసం వదిలేసి, అన్నే పెర్రీ అనే ఇంగ్లండ్ పాత్రికేయురాలిని పెళ్ళి చేసుకున్నారు. అయినా జిల్లా జనానికి ఆయన చివరిదాకా ఫాదరే.

నిజం ఒప్పుకోవాలి. 2009లో ఆ జనం మధ్య నిలబడి నాకు కన్నీళ్ళతో పాటు కాస్త కోపం కూడా వచ్చింది. మన ఊళ్ళో బడి కట్టడానికి బార్సిలోనా నుంచి ఒక మనిషి రావాలా? మనమేం చేస్తున్నట్టు? ఆ కోపం నాలుగు రోజులుంది. హైదరాబాద్ వచ్చాక కోపమూ పోయింది, ఫోటో సంగతీ మరిచిపోయాను.

ఉత్తరాల ఊరు

తెల్లారేసరికి అనంతపురం. బస్టాండు దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని ఆర్డీటీ ఆవరణలోకి వెళ్ళాను. చెట్లు ఎదిగాయి. మిగిలిందంతా దాదాపు అలాగే ఉంది. క్యాంటీన్‌లో స్పెయిన్ నుంచి వచ్చిన ఒక కుటుంబం కూర్చుని ఉంది. పక్కన మన తెలుగమ్మాయి గలగలా స్పానిష్ మాట్లాడేస్తోంది.

ఏ కాన్వెంటులో చదివిందో అనుకున్నాను. కాదు. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. ఊళ్ళో సర్కారు బడి, సాయంత్రం ఆర్డీటీ ట్యూషన్. డిగ్రీ అయ్యాక ఇక్కడి విదేశీ భాషల శిక్షణ కేంద్రంలో స్పానిష్ నేర్చుకుంది.

"మా ఇంట్లో ఎవరూ హైదరాబాద్ కూడా చూడలేదక్కా. నేను మాత్రం రోజూ స్పెయిన్ వాళ్ళ ఇళ్ళల్లో తిరిగొస్తున్నట్టే ఉంటుంది" అంది నవ్వుతూ. ఉత్తరాల గురించి ఆ మాట!

ఈ సంస్థ నడిచే పద్ధతిలో ఉత్తరాలకు పెద్ద పాత్ర ఉంది. స్పెయిన్‌లో ఒక కుటుంబం ఇక్కడి ఒక బిడ్డను దత్తు లాంటి బంధంతో ఎంచుకుంటుంది. నెలనెలా కొద్ది మొత్తం పంపుతుంది. ఆ డబ్బు పిల్లాడి చేతికి రాదు. అన్నీ ఒకచోట చేర్చి ఊరి బడికి, వైద్యానికి, ఇళ్ళకు, నీళ్ళకు ఖర్చు పెడతారు. పిల్లాడు మాత్రం ఏడాదికోసారి వాళ్ళకు ఉత్తరం రాస్తాడు, బొమ్మ గీసి పంపుతాడు. అటునుంచీ జవాబు వస్తుంది. తెలుగు స్పానిష్ అవుతుంది, స్పానిష్ తెలుగవుతుంది. అలాంటి దాతలు లక్ష మందికి పైనే. అక్కడ బడిపంతుళ్ళు, నర్సులు, బేకరీ వాళ్ళు, పింఛనుదార్లు. కోటీశ్వరుల డబ్బుతో నడిచే సంస్థ కాదిది. చిల్లర డబ్బులతో నడిచే సంస్థ.

ఆ చిల్లరే మూడువేలకు పైగా ఊళ్ళకు చేరింది. బత్తలపల్లిలో పెద్దాసుపత్రి అయింది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ ఆసుపత్రినే కొవిడ్ ఆసుపత్రిగా మార్చారు. ఆడవాళ్ళ పేరుమీద రాసిచ్చిన వేలాది ఇళ్ళయింది. చూపులేని పిల్లలకు, వినపడని పిల్లలకు ప్రత్యేక బడులయింది. 2010లో టెన్నిస్ వీరుడు రఫెల్ నాదల్ ఇక్కడికొచ్చి తన పేరిట టెన్నిస్ స్కూలు తెరిచాడు. 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచులు ఆడింది ఇక్కడి మైదానంలోనే. ఇంకో విశేషం... 2013లో స్పెయిన్ టీవీ వాళ్ళు ఫెర్రర్ జీవితాన్ని సినిమాగా తీశారు. ఫెర్రర్‌గా ఇమానోల్ ఆరియాస్ నటించాడు. ఫిల్మ్‌నగర్ కొండ దిగి ఒక రాత్రి బస్సు ప్రయాణం చేస్తే దొరికే కథ!

"ఎంతమందో వస్తారు పాపా"

నా ఫోటోలోని పిల్లాడు సంస్థ నడిపే సెరిబ్రల్ పాల్సీ పిల్లల కేంద్రంలో ఉండేవాడు. ఈ పేరు చాలా ఇళ్ళల్లో వినే ఉంటారు. పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో మెదడుకు దెబ్బ తగలడం వల్ల కండరాలు చెప్పినమాట వినవు. అంటువ్యాధి కాదు, మందుతో నయమయ్యే జబ్బూ కాదు. చిన్నప్పటి నుంచీ రోజూ ఫిజియోథెరపీ చేయిస్తే, ఒంటికి తగిన కుర్చీ, కాళ్ళకు పట్టీలు అమర్చితే చాలామంది తమ పనులు కొంతైనా తాము చేసుకోగలుగుతారు. ఒళ్ళు సహకరించనంత మాత్రాన బుర్ర పనిచేయదనుకోవడం పెద్ద పొరపాటు. మాట రాని పిల్లల్లో చాలామందికి మన మాటలు అర్థమవుతుంటాయి. ఊళ్ళల్లో మాత్రం "పూర్వజన్మ పాపం" అని ఒక్కమాటలో తేల్చేస్తారు. ఆ మాట పడేది ఎప్పుడూ తల్లే.

కేంద్రంలో ఫోటో చూపించాను. పనిచేసే పెద్దామె చూడగానే గుర్తుపట్టింది. "ఓ... వీడా! పెద్దోడైపోయినాడు." వాళ్ళ ఇంటికి ఫోన్ చేసి, నేను రావచ్చునో లేదో తల్లిని అడిగాకే ఒక కార్యకర్తను తోడిచ్చి పంపారు.

చీనీ తోటల మధ్య నుంచి దారి. ఊరి చివర వరసగా ఒకేరకం ఇళ్ళు. తలుపు మీద ఇంటి యజమాని పేరు రాసి ఉంది. ఆడమనిషి పేరు. అరుగు మీద చక్రాల కుర్చీలో ఒక యువకుడు కూర్చుని వచ్చేపోయే వాళ్ళను చూస్తున్నాడు. మెడ ఓ పక్కకి వాలి ఉంది. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు ఫోటోలోనిదే.

తల్లికి నేను గుర్తులేను.

"ఎంతమందో వస్తారు పాపా. పేపరోళ్ళు వస్తారు, టీవీవోళ్ళు వస్తారు. ఫోటోలు తీసుకుంటారు. పంపిచ్చేది ఎవురు?" అంది. కోపంగా కాదు. ఈ ఏడు వానలు లేవు అన్నంత మామూలుగా.

కవరు తీసి చేతిలో పెట్టాను. ఫోటోను చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి రమ్మంది. గోడ మీద ఒక ఫ్రేము. మంచులో నిలబడిన నలుగురు మనుషులు, మధ్యలో కుక్క. "వీళ్ళు మావోళ్ళు" అంది. వరసకి వదిననో, పిన్నినో చూపించినట్టు.

ట్రంకుపెట్టె తెరిచింది. పాలిథిన్ సంచిలో జాగ్రత్తగా చుట్టిన ఉత్తరాలు. వాటితో పాటు పిల్లాడి ఫోటోలు. ఎనిమిదేళ్ళప్పుడు, పదేళ్ళప్పుడు, పన్నెండేళ్ళప్పుడు. ఆ కుటుంబం వచ్చినప్పుడు తీసినవి, తిరిగి వెళ్ళాక పంపినవి. తెలుగు ఒక్క ముక్క రాని వాళ్ళు, ఏడు సముద్రాల అవతలి వాళ్ళు పంపారు. హైదరాబాద్‌లో ఉన్న నేను పంపలేదు. నా ఫోటో కోసం ఆ ఇల్లేమీ ఎదురుచూస్తూ కూర్చోలేదు. అది కొంచెం ఊరట, కొంచెం చెంపదెబ్బ.

వాళ్ళు వచ్చినప్పటి ముచ్చట చెప్పింది. డప్పులు కొట్టించారట. కొబ్బరికాయ కొట్టి, బొట్టు పెట్టి, దండ వేశారట. "ఆయమ్మ వీనికి అన్నం నేనే పెడతా అనె. వీడు మింగేదానికి అరగంట పడుతుంది. గిన్నె అయిపొయ్యేదాకా లేయలేదు పాపా" అంది.

ఒక ఉత్తరం విడిగా తీసింది. అది స్పెయిన్‌లో ఉద్యోగాలు పోయిన కాలం నాటిది. 2013లో అక్కడ ప్రతి నలుగురిలో ఒకరికి పైగా పని లేదు. ఈ కుటుంబంలో భర్తకూ ఉద్యోగం పోయింది. ఆ సంగతి రాసి, మేం డబ్బు పంపడం మాత్రం మానం అని రాశారట.

"మరి మీరేం రాశారు?" అడిగాను.

"మీకే కష్టమొచ్చె గదా, కొన్నాళ్ళు పంపద్దండి, మేము ఎట్లో జరుపుకుంటాము అని రాయిచ్చినా" అంది.

నేను తల తిప్పుకుని గోడ మీద కుక్క బొమ్మను చూస్తూ ఉండిపోయాను. దాత ఎవరో, గ్రహీత ఎవరో ఆ ఒక్క వాక్యం దగ్గర కలిసిపోయారు. 2009లో నాకొచ్చిన కోపానికి జవాబు కూడా అందులోనే ఉంది. చెయ్యి చాచిన వాళ్ళని జాలిగా చూడటం మనకొచ్చు. వాళ్ళు కూడా ఇవ్వగలిగిన వాళ్ళేనని తట్టదు.

నీళ్ళు ఆగితే?

2025లో ఈ ఊళ్ళకు పెద్ద భయం పట్టుకుంది. విదేశాల నుంచి విరాళాలు తీసుకోవాలంటే కేంద్ర హోంశాఖ అనుమతి ఉండాలి. అయిదేళ్ళకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. 2020లో చట్టాన్ని సవరించాక నిబంధనలు ఇంకా బిగిశాయి. విదేశీ డబ్బంతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది అని ప్రభుత్వం అడగడంలో తప్పు లేదు. అడగాలి కూడా. కానీ ఆర్డీటీ అనుమతి పునరుద్ధరణ చిక్కుల్లో పడినప్పుడు ఆసుపత్రులకు, బడులకు నడిచే దారే ప్రశ్నార్థకమైంది. అనంతపురంలో జనం రోడ్డెక్కారు. పార్టీలతో పనిలేకుండా నాయకులు ఢిల్లీకి విజ్ఞప్తులు చేశారు.

"నేను గూడా పోయినా" అంది ఆ తల్లి. "వీణ్ని పక్కింట్లో ఇడిసిపెట్టి పోయినా. నాకు కూలి పోయినా పర్లేదు. వీడు నెట్టుకొచ్చినాడు. వీని మాదిరి పిల్లోళ్ళు ఇంకా పుడతానే ఉంటారు గదా. వాళ్ళు యాడికి పోతారు?"

కొడుక్కి పింఛను వస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులైలో వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలయింది. అది పెద్ద ఆసరా అని ఆమే చెప్పింది. కానీ పింఛను మెడ నిలబెట్టే వ్యాయామం నేర్పదు. తల్లికి ధైర్యం చెప్పదు. అందుకు మనుషులు కావాలి, ఆ మనుషులకు జీతాలు కావాలి, ఆ జీతాలు ఎవరో ఇవ్వాలి.

ఎవరో అంటే ఎప్పుడూ స్పెయిన్ వాళ్ళేనా?

ఆ ఇంట్లో నేను చూసిన ఇంకో వస్తువు గురించి చెప్పాలి. దేవుడి పటాల పక్కన చిన్న హుండీ. ఆర్డీటీ వాళ్ళు 'ఇండియా ఫర్ ఇండియా' పేరుతో ఇంటింటికీ ఇచ్చిన హుండీ అది. మనకన్నా కష్టంలో ఉన్న పిల్లల కోసం మన చిల్లర వేద్దామని. కూలికి పోయొచ్చిన రోజు ఆమె అందులో ఒక రూపాయో, రెండు రూపాయలో వేస్తుంది. కొడుకు చేతిలో నాణెం పెట్టి, చెయ్యి పట్టుకుని వేయిస్తుంది. వాడికది వ్యాయామం కూడానట!

కొండ మీది లెక్కలు

తిరిగి వచ్చి బంజారాహిల్స్‌లో ఆటో దిగాను. సిగ్నల్ దగ్గర నిలబడి చుట్టూ చూశాను. ఇక్కడ మనం ఏమీ ఇవ్వడం లేదనుకుంటే అదీ అన్యాయమే. రోడ్ నంబర్ 2లోని కంటి ఆసుపత్రి 1987లో మొదలైందంటే, ఎల్.వి.ప్రసాద్ గారి కుటుంబం ఇచ్చిన స్థలం, డబ్బు వల్లే. సినిమాల్లో సంపాదించింది చూపు కోసం ఇచ్చారు. 2000లో బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి తెరిచారంటే దాని వెనక అమెరికా తెలుగువాళ్ళ చెయ్యి ఉంది. ఇచ్చే గుణం మనలో లేక కాదు. పెద్దగా ఇచ్చేవాళ్ళ పేర్లు మనకు తెలుసు. నెలకింత అని పదేళ్ళు, పదిహేనేళ్ళు ఆపకుండా ఇచ్చేవాళ్ళే తక్కువ. పెళ్ళిరోజుకో పుట్టినరోజుకో అనాథాశ్రమానికి వెళ్ళి భోజనాలు పెట్టించి, ఫోటోలు దిగి వస్తాం. మంచిదే. ఆ రోజు పిల్లలకు పండగే. మరి మర్నాడు?

ఆ స్పెయిన్ కుటుంబం చేసింది గొప్ప త్యాగమేమీ కాదు. నెలకు కొంత ఇచ్చింది. ఏడాదికో ఉత్తరం రాసింది. చెప్పినట్టు ఫోటోలు పంపింది. అంతే. కానీ ఆపలేదు. ఆ ఇంటి గోడ మీద వాళ్ళకు చోటు దొరికింది డబ్బు వల్ల కాదు, ఆపకపోవడం వల్ల.

మీ ఊరి దగ్గర కూడా అలాంటి ఆశ్రమమో, కేంద్రమో, బడో ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి వెళ్తే లెక్కలు అడగండి, మొహమాటపడకండి. ఎంత ఇవ్వగలరో అంతే చెప్పండి. చెప్పింది మాత్రం ఇవ్వండి. అక్కడి పిల్లల్ని ఫోటో తీసేముందు తల్లినో, చూసుకునే వాళ్ళనో అడగండి. "పంపిస్తాను" అని నోరు జారితే... పంపండి. అనుభవంతో చెబుతున్నాను.

వచ్చేముందు ఆ తల్లి రాగిసంగటి, పప్పు పెట్టందే కదలనివ్వలేదు. నేను తెచ్చిన ఫోటోను ట్రంకుపెట్టెలో పెట్టలేదు. గోడ మీద, మంచులో నిలబడిన వాళ్ళ పక్కన, ఫ్రేము సందులో దోపింది.

"ఆలస్యమైందమ్మా, క్షమించు" అన్నాను.

"ఉండనీలే పాపా. ఆ కుర్చీలో ఫోటో మాకాడ లేదు. ఇప్పుడు అన్నీ ఉండాయి" అంది.

అరుగు మీద కొడుకు చెయ్యెత్తడానికి ప్రయత్నిస్తున్నాడు. వీడ్కోలు చెప్పడానికి అనుకున్నాను. కాదట. నా ఫోన్ చూపిస్తున్నాడు. ఫోటో తీయమని.

తీశాను. ఈసారి కృష్ణానగర్ వెళ్ళి ప్రింటు తీయించి, కవరు అంటించి, పోస్టు చేశాకే ఇది రాయడానికి కూర్చున్నాను.